రస్ట్: పుస్తకం సగం అయ్యాక బారో చెకర్ దగ్గర ఆగిపోయేవాళ్లు ఎటు వెళ్లాలి?

#1 · కొత్తమెట్టు
అందరికీ నమస్తే. పైథాన్, జావా వచ్చు. రస్ట్ ప్రోగ్రామింగ్ భాష అధికారిక పుస్తకంలో 10వ అధ్యాయం దాకా అయింది. సాధన కోసం వెబ్ సర్వర్ లాగ్ ఫైల్ చదివి, ఏ ఐపీ నుంచి ఎన్ని రిక్వెస్టులు వచ్చాయో లెక్కగట్టే కమాండ్ లైన్ ప్రోగ్రామ్ రాస్తున్నాను. ఒక్కో లైన్‌కి ఒక స్ట్రక్ట్, అందులో ఐపీ, పాత్, స్టేటస్. ఫీల్డులన్నీ &స్టర్ (వేరే చోట ఉన్న స్ట్రింగ్‌లోకి చూసే రిఫరెన్స్). బారో చెకర్ (అరువు తెచ్చుకున్న డేటాని సరిగా వాడుతున్నామో చూసే కంపైలర్ భాగం) నుంచి ఈ0597, ఈ0502 ఎర్రర్లు వదలట్లేదు. కంపైలర్ అడిగిన చోటల్లా లైఫ్‌టైమ్ (రిఫరెన్స్ ఎంతకాలం చెల్లుతుందో చెప్పే) గుర్తులు పెడుతూ పోతే ప్రతి ఫంక్షన్‌కీ అవే అంటుకున్నాయి.

మూడు ప్రశ్నలు: డిజైనే తప్పా, నేను సరిదిద్దే పద్ధతి తప్పా? ఎక్కడపడితే అక్కడ క్లోన్ చేసేయడం సరేనా? 8 జీబీ ర్యామ్ ఉన్న విండోస్ ల్యాప్‌టాప్ సరిపోతుందా?

#2 · లింకర్_లక్ష్మి
ల్యాప్‌టాప్ సంగతి ముందు తేల్చేస్తాను, అది తేలిక. 8 జీబీ చాలు. మెమరీ తినేది కంపైలర్ కంటే ఎడిటర్‌లో కోడ్‌ని చెక్ చేస్తుండే రస్ట్-అనలైజర్. ఒకేసారి రెండు మూడు ప్రాజెక్టులు తెరిచి ఉంచకండి. పెద్ద క్రేట్ (రస్ట్ లైబ్రరీ ప్యాకేజీ) బిల్డ్ అవుతుంటే మెషీన్ బిగుసుకుపోతే, రస్ట్ బిల్డ్ సాధనం కార్గోకి `కార్గో బిల్డ్ -జె 2` అని చెప్పి సమాంతరంగా నడిచే పనుల్ని తగ్గించండి.

విండోస్‌లో రస్టప్ (రస్ట్‌ని వేసి, అప్‌డేట్ చేసే సాధనం) ఇన్‌స్టాలర్ విజువల్ స్టూడియో బిల్డ్ టూల్స్ కావాలని అడుగుతుంది. సైజు చూసి భయపడి దాన్ని దాటేసినవాళ్లకే తర్వాత "లింక్.ఈఎక్స్ఈ దొరకలేదు" అని వస్తుంది. కంపైలర్ ఆబ్జెక్ట్ ఫైళ్లు తయారుచేస్తుంది, వాటిని కలిపే పని లింకర్‌ది. ఆ లింకర్ ఉండేది బిల్డ్ టూల్స్‌లోనే. డబ్ల్యూఎస్‌ఎల్ (విండోస్‌లోనే లినక్స్ నడిపే సదుపాయం)లో ఉబుంటు పెట్టుకున్నా ఇదే కథ, కాకపోతే అక్కడ ఎర్రర్ "లింకర్ సీసీ దొరకలేదు" అని ఉంటుంది. బిల్డ్-ఎసెన్షియల్ ప్యాకేజీ వేస్తే పోతుంది. డబ్ల్యూఎస్‌ఎల్ వాడేవాళ్లు ప్రాజెక్టుని సీ డ్రైవ్‌లో కాకుండా లినక్స్ హోమ్ ఫోల్డర్‌లోనే పెట్టుకోండి. సీ డ్రైవ్‌లో వేల చిన్న ఫైళ్లు చదవాల్సి వచ్చేసరికి బిల్డ్ నత్తనడక నడుస్తుంది.

డిస్ట్రో రెపోలో దొరికే రస్ట్ వద్దు, రస్టప్‌తోనే వేసుకోండి. రస్ట్‌కి ఆరు వారాలకోసారి కొత్త స్టేబుల్ వెర్షన్ వస్తుంది. పాత కంపైలర్‌తో కొత్త క్రేట్లు తెచ్చుకుంటే, మీ తప్పేమీ లేకుండానే ఎర్రర్లు చదువుతూ కూర్చోవాలి.

రోజువారీ పనికి `కార్గో చెక్` వాడండి. అది టైపులు, బారోలు చూసి ఆగిపోతుంది. మెషీన్ కోడ్ తయారుచేయదు, లింక్ చేయదు. అందుకే `కార్గో బిల్డ్` కంటే చాలా త్వరగా అయిపోతుంది. టెర్మినల్‌లో "బిల్డ్ డైరెక్టరీ లాక్ కోసం ఆగుతున్నా" అన్న అర్థంలో మెసేజ్ వస్తే కంగారుపడకండి, అదే సమయంలో ఎడిటర్ కూడా చెక్ నడుపుతోందన్నమాట. రస్ట్-అనలైజర్ సెట్టింగుల్లో దానికి వేరే టార్గెట్ డైరెక్టరీ ఇస్తే ఈ పోటీ ఉండదు, కాకపోతే డిస్క్ రెండింతలు పడుతుంది. టార్గెట్ ఫోల్డర్ నెమ్మదిగా జీబీల్లోకి పెరుగుతుంది. పక్కనపెట్టిన ప్రాజెక్టుల్లో `కార్గో క్లీన్` కొట్టండి.

నెట్ సరిగా రాని చోట ఉన్నవాళ్లకి: `రస్టప్ డాక్ --బుక్` అంటే ఆ పుస్తకం మొత్తం ఆఫ్‌లైన్‌లో బ్రౌజర్‌లో తెరుచుకుంటుంది. విడిగా డౌన్‌లోడ్ చేయక్కర్లేదు.

#3 · పాయింటర్_పంతులు
కొత్తమెట్టు గారూ, తప్పు డిజైన్‌లోనే ఉంది. లైఫ్‌టైమ్ గుర్తు దేని ఆయుష్షునీ పెంచదు. ఉన్న సంబంధాన్ని కంపైలర్‌కి వర్ణించి చెబుతుంది, అంతే. అసలు సంబంధమే కుదరనప్పుడు ఎన్ని గుర్తులు పెట్టినా ఎర్రర్ ఒక ఫంక్షన్ నుంచి ఇంకో ఫంక్షన్‌కి జరుగుతుంది గానీ పోదు.

మీ కేసులో జరుగుతున్నది ఇదీ. లూప్‌లో లైన్ చదువుతారు. ఆ లైన్ స్ట్రింగ్ లూప్ ఒక చుట్టు తిరిగేసరికి డ్రాప్ అవుతుంది. స్ట్రక్ట్‌లోని &స్టర్ ఆ స్ట్రింగ్‌లోకే చూస్తోంది. ఆ స్ట్రక్ట్‌ని బయటి వెక్ (పెరుగుతూ పోయే జాబితా)లోకి తోస్తే, పోయిన మెమరీని చూసే పాయింటర్‌ని దాచుకున్నట్టు. ఈ0597 చెప్పేది ఇదే: అరువిచ్చినవాడు అరువు తీరకముందే పోతున్నాడు.

ప్రతి స్ట్రక్ట్‌కీ మొదట వేసుకోవాల్సిన ప్రశ్న ఒక్కటే: ఈ డేటాకి యజమాని ఎవరు? ఫంక్షన్ పారామీటర్లకి &స్టర్ బాగుంటుంది. స్ట్రక్ట్ ఫీల్డులకి మొదట్లో స్ట్రింగ్ వాడండి. 64-బిట్ మెషీన్‌లో స్ట్రింగ్ అంటే 24 బైట్లు: పాయింటర్, పొడవు, కెపాసిటీ. అసలు అక్షరాలు హీప్‌లో ఉంటాయి. &స్టర్ 16 బైట్లు: పాయింటర్, పొడవు. దానికి సొంత ఆస్తి లేదు. ఈ రెండిటి బొమ్మ కాగితం మీద వేసుకుంటే 4వ అధ్యాయంలో సగం అర్థమైనట్టే. స్టేటస్‌ని స్ట్రింగ్‌గా ఉంచకుండా యూ16లోకి పార్స్ చేసేయండి.

ఇక ఈ0502. వెక్‌లో మొదటి ఎలిమెంట్‌కి రిఫరెన్స్ తీసుకుని, తర్వాత పుష్ చేసి, ఆ తర్వాత ఆ రిఫరెన్స్‌ని ప్రింట్ చేస్తే వస్తుంది. కంపైలర్ ఎందుకు ఒప్పుకోదంటే, కెపాసిటీ నిండిన వెక్‌కి పుష్ చేస్తే అది కొత్త చోట మెమరీ తీసుకుని అంతా అక్కడికి మార్చేస్తుంది. పాత చిరునామా చెల్లదు. సీ++లో ఇదే కోడ్ హాయిగా కంపైల్ అవుతుంది, కొన్నిసార్లు సరిగ్గా పని కూడా చేస్తుంది.

ఈ ఎర్రర్‌లో మూడు గీతలు చూపిస్తుంది: మొదటి బారో మొదలైన చోటు, దానితో గొడవపడే బారో, మొదటిదాన్ని మళ్లీ వాడిన చోటు. అందరూ రెండోదాన్నే చూస్తారు. పరిష్కారం ఎక్కువసార్లు మూడోదాని దగ్గర ఉంటుంది. ఆ వాడకాన్ని పుష్‌కి ముందుకి జరపగలిగితే పని అయిపోయింది. 2018 ఎడిషన్ నుంచి బారో బ్రాకెట్ మూసేదాకా కాకుండా చివరి వాడకం దగ్గరే ముగుస్తుంది. జరపలేకపోతే రిఫరెన్స్ బదులు ఇండెక్స్ దాచుకోండి, లేదా చిన్న విలువైతే కాపీ చేసుకోండి.

ఇదే గొడవ ఇంకో వేషంలో వస్తుంది: సెల్ఫ్‌లోని ఒక ఫీల్డుని బారో చేసి ఉండగా &మ్యూట్ సెల్ఫ్ తీసుకునే మెథడ్‌ని పిలవడం. ఆ మెథడ్ లోపల ఏ ఫీల్డు ముడుతుందో కంపైలర్ చూడదు, సంతకం మాత్రమే చూస్తుంది. కాబట్టి మెథడ్‌ని విడి ఫంక్షన్‌గా మార్చి దానికి కావలసిన ఫీల్డు మాత్రమే ఇవ్వండి, లేదా పెద్ద స్ట్రక్ట్‌ని రెండుగా విడగొట్టండి. విడగొట్టాక కోడ్ కూడా మెరుగుపడుతుంది.

#4 · కోర్‌డంప్
పంతులు గారు చెప్పింది కరెక్టే గానీ, "స్ట్రక్ట్‌లో స్ట్రింగ్ పెట్టేయ్" అనేది అలవాటైతే ఆ మనిషి రెండేళ్లయినా లైఫ్‌టైమ్‌లు నేర్చుకోడు. లాగ్ ఫైల్ మొత్తం ఒకే స్ట్రింగ్‌లోకి చదివి, దాన్ని మెయిన్‌లో ఉంచి, స్ట్రక్ట్‌లన్నీ దాంట్లోకి &స్టర్‌లుగా చూడొచ్చు. అప్పుడు ఒకే ఒక్క లైఫ్‌టైమ్, లైన్‌కి ఒక్క అలొకేషన్ కూడా ఉండదు. పార్సర్లు రాసేవాళ్లు చేసేది ఇదే. ఫైల్ ర్యామ్‌లో పట్టాలన్నదొక్కటే షరతు.

క్లోన్ గురించి: దేన్ని క్లోన్ చేస్తున్నారో చూసి మాట్లాడండి. స్ట్రింగ్ క్లోన్ అంటే హీప్‌లో కొత్త చోటు, బైట్లన్నీ కాపీ. ఆర్క్ (థ్రెడ్లు పంచుకునే పాయింటర్) క్లోన్ అంటే ఒక అటామిక్ కౌంటర్ ఒకటి పెరగడం, లోపలి డేటా కదలదు. ఐ32 లాంటివి కాపీ టైపులు, వాటికి క్లోన్ రాస్తే `కార్గో క్లిప్పీ` మందలిస్తుంది. క్లిప్పీని మొదటి రోజు నుంచే నడపండి, సగం పాఠాలు అదే చెబుతుంది.

#5 · పాయింటర్_పంతులు
కోర్‌డంప్, నువ్వు చెప్పిన రెండో డిజైన్ బాగుంది, కానీ క్రమం ముఖ్యం. ముందు స్ట్రింగ్‌లతో పని చేసే ప్రోగ్రామ్ ఉండాలి, దానికి టెస్టులు ఉండాలి. తర్వాత అదే ప్రోగ్రామ్‌ని &స్టర్‌కి మార్చాలి. అప్పుడు వచ్చే ప్రతి ఎర్రరూ లైఫ్‌టైమ్ గురించే అయి ఉంటుంది. రెండూ ఒకేసారి మొదలుపెడితే లాజిక్ తప్పేదో, బారో తప్పేదో విడదీయడం కొత్తవాళ్లకి కష్టం.

#6 · కొత్తమెట్టు
స్ట్రింగ్‌లకి మార్చాను, ఈ0597లు పోయాయి. థాంక్స్ అండి. ఇప్పుడు వేరే సంగతి. పాత్‌ని మొదటి అక్షరంతో గుంపులు చేద్దామని స్లైస్ తీశాను. ఇంగ్లీషు పేర్లకి బాగానే ఉంది, "తెలుగు" అని ఉన్న ఫైల్ పేరు దగ్గర ప్రోగ్రామ్ ప్యానిక్ అయింది (ఎర్రర్ ఇచ్చి ఆగిపోయింది). క్యారెక్టర్ బౌండరీ కాదంటోంది.

#7 · బైట్_బాబాయ్
ఇది మనవాళ్లు తప్పకుండా తెలుసుకోవాల్సింది. రస్ట్ స్ట్రింగ్ ఎప్పుడూ యూటీఎఫ్-8. తెలుగు కోడ్ పాయింట్ (యూనికోడ్‌లో ఒక్కో గుర్తుకి ఉండే సంఖ్య) ఒక్కోదానికి 3 బైట్లు. "తెలుగు"లో కోడ్ పాయింట్లు 6: త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము. అందుకే లెన్ అడిగితే 18 వస్తుంది, క్యార్స్ లెక్కపెడితే 6. కంటికి కనిపించేవి 3.

స్లైస్‌లో ఇచ్చే అంకెలు బైట్లవి. 0 నుంచి 1 అంటే మొదటి కోడ్ పాయింట్ మధ్యలో కోత పెట్టినట్టు, కాబట్టి ప్యానిక్. 0 నుంచి 3 ఇస్తే ప్యానిక్ కాదు, కానీ "తె" బదులు "త" వస్తుంది. ఈ రెండోదే ప్రమాదం, ఎర్రర్ లేకుండా తప్పు జవాబు. క్యార్స్‌ని రివర్స్ చేసి చూడండి, "ుగులెత" వస్తుంది. ముందు ఒక అనాథ కొమ్ము.

మనం అక్షరం అనుకునేది కావాలంటే యూనికోడ్-సెగ్మెంటేషన్ క్రేట్‌లో గ్రాఫీమ్స్ వాడండి. అక్కడా ఒక మెలిక ఉంది. "క్ష" లాంటి సంయుక్తాక్షరాన్ని పాత యూనికోడ్ నియమాలు రెండు ముక్కలుగా లెక్కపెట్టేవి. వాటిని ఒకటిగా ఉంచే నియమం యూనికోడ్ 15.1లో చేరింది, తెలుగు పొల్లు కూడా అందులో ఉంది. కాబట్టి క్రేట్ వెర్షన్‌ని బట్టి లెక్క మారుతుంది. టెస్టులో "క్ష" ఒకటి పెట్టుకోండి.

పనిలో పనిగా: లాగ్ ఫైల్లో చెత్త బైట్లు ఉంటే లైన్స్ ఇటరేటర్ ఆ లైన్ దగ్గర ఇన్‌వ్యాలిడ్‌డేటా ఎర్రర్ ఇస్తుంది. అన్‌వ్రాప్ పెట్టి ఉంటే ప్రోగ్రామ్ అక్కడే పడిపోతుంది. బయటి నుంచి వచ్చే ఫైళ్లని రీడ్_అంటిల్‌తో వెక్<యూ8>లోకి చదివి, ఫ్రమ్_యూటీఎఫ్8_లాసీతో మార్చుకోండి.

#8 · సెమీకోలన్
ఆగండాగండి. ఇదంతా కాకుండా ముందు సీ నేర్చుకుంటే సరిపోదా? మాలాక్, ఫ్రీ చేత్తో రాసి సెగ్‌ఫాల్ట్‌లు తిన్నవాళ్లకి బారో చెకర్ ఎందుకు ఉందో ఒక్క మాటలో అర్థమవుతుంది. మెమరీ గురించి ఏమీ తెలియకుండా వచ్చినవాళ్లకి ఇది ఊరికే సతాయించే కంపైలర్ లెక్క కనపడ్తది.

#9 · పాయింటర్_పంతులు
సగం ఒప్పుకుంటాను. సీ మొత్తం అక్కర్లేదు. స్టాక్, హీప్, పాయింటర్ అంకగణితం, స్ట్రక్ట్ ప్యాడింగ్, ఇవి సీలో చూస్తే బాగా కనిపిస్తాయి. మీ దగ్గర ఉన్న సీ కోడ్‌ని అడ్రస్ శానిటైజర్ (మెమరీ తప్పులు పట్టే సాధనం)తో కంపైల్ చేసి, ఫ్రీ చేసిన పాయింటర్‌ని వాడి, అది ఇచ్చే రిపోర్ట్ చదవండి. అంత చాలు. కెర్నల్ వైపు వెళ్లాలనుకునేవాళ్లకి మాత్రం సీ తప్పదు. 2022 డిసెంబర్‌లో వచ్చిన లినక్స్ 6.1లో రస్ట్ మద్దతు మొదలైంది నిజమే, కానీ చుట్టూ ఉన్న కోడ్ సీలోనే ఉంది. పైగా కెర్నల్ లోపల స్టాండర్డ్ లైబ్రరీ లేదు, కార్గో లేదు, మేక్‌తోనే బిల్డ్ అవుతుంది.

ప్రాజెక్టుల వరుస గురించి ఒక హెచ్చరిక. లింక్డ్ లిస్ట్‌తో మొదలుపెట్టకండి. డేటా స్ట్రక్చర్ల క్లాసులో తేలికైనది అదే కదా అని అందరూ అక్కడికే వెళ్తారు. డబ్లీ లింక్డ్ లిస్ట్‌లో ఒక నోడ్‌కి ఇద్దరు యజమానులు. ఒక విలువకి ఒక్కరే యజమాని అన్న రస్ట్ నియమానికే అది అడ్డం. ఆర్‌సీ (ఎంతమంది పట్టుకున్నారో లెక్కపెట్టే పాయింటర్), రెఫ్‌సెల్ (లోపలి విలువని రన్‌టైమ్‌లో అరువిచ్చే పెట్టె) పెట్టి గెలిచామనుకుంటే, బారో చెక్ రన్‌టైమ్‌కి వాయిదా పడుతుంది, అక్కడ "ఆల్రెడీ బారోడ్" అని ప్యానిక్ వస్తుంది. రెండు ఆర్‌సీలు ఒకదాన్నొకటి పట్టుకుంటే కౌంట్ సున్నాకి రాదు, మెమరీ లీక్. వెనక్కి చూసే లింక్‌కి వీక్ (ఆ కౌంట్ పెంచని పాయింటర్) వాడాలి. గ్రాఫ్, ట్రీ నిజంగా కావలసి వస్తే నోడ్లన్నీ ఒక వెక్‌లో పెట్టి, లింకులుగా ఇండెక్స్‌లు వాడండి. చాలా పనులకి అదే వేగంగానూ ఉంటుంది, డేటా పక్కపక్కనే ఉంటుంది కాబట్టి.

మీ లాగ్ ప్రోగ్రామ్ అయ్యాక డబ్ల్యూసీ (లైన్లు, పదాలు లెక్కపెట్టే) కమాండ్‌ని సొంతంగా రాయండి, అసలు దానితో ఫలితాలు సరిపోల్చండి. ఆ తర్వాత పైపులు, రీడైరెక్షన్ ఉన్న చిన్న షెల్. ఆపైన పుస్తకం చివర్లో ఉండే థ్రెడ్ పూల్ వెబ్ సర్వర్.

#10 · లింకర్_లక్ష్మి
మీ ప్రోగ్రామ్ పైథాన్ కంటే మెల్లగా ఉందని రేపో మాపో పోస్టు పెడతారు, ముందే చెప్పేస్తున్నా: `--రిలీజ్` పెట్టారా? మామూలు బిల్డ్‌లో ఆప్టిమైజేషన్ స్థాయి 0, రిలీజ్‌లో 3. ఇంకో తేడా కూడా ఉంది. డీబగ్‌లో ఇంటీజర్ ఓవర్‌ఫ్లో అయితే ప్యానిక్, రిలీజ్‌లో చప్పుడు లేకుండా చుట్టు తిరిగి చిన్న సంఖ్య అయిపోతుంది. లెక్కలు ముఖ్యమైన చోట చెక్డ్_యాడ్ వాడండి.

తర్వాత చూడాల్సింది ప్రింట్. ప్రింట్‌ఎల్ఎన్ ప్రతిసారీ స్టాండర్డ్ అవుట్‌పుట్ లాక్ తీసుకుంటుంది, లైన్ చివర ఫ్లష్ చేస్తుంది. లక్ష లైన్లు రాయాలంటే లాక్ ఒక్కసారి తీసుకుని బఫ్‌రైటర్‌లో చుట్టండి. చదివేటప్పుడు ఫైల్‌ని బఫ్‌రీడర్‌లో పెట్టండి, లేకపోతే చిన్న చిన్న రీడ్‌లన్నీ సిస్టమ్ కాల్‌లవుతాయి. లైన్స్ ఇటరేటర్ లైన్‌కో కొత్త స్ట్రింగ్ ఇస్తుంది. రీడ్_లైన్‌తో ఒకే బఫర్‌ని తిప్పి వాడొచ్చు. కానీ అది పాతదాని వెనకే అతికిస్తుంది, ప్రతి చుట్టులో క్లియర్ మర్చిపోకండి. లైన్ చివర కొత్త లైన్ గుర్తు కూడా ఉంటుంది. ట్రిమ్ చేయకుండా పార్స్ చేస్తే "ఇన్‌వ్యాలిడ్ డిజిట్".

రెగెక్స్ వాడుతుంటే లూప్ లోపల తయారుచేయకండి. బయట ఒక్కసారి చేయండి, లేదా స్టాటిక్‌గా కావాలంటే 1.80 నుంచి స్టాండర్డ్ లైబ్రరీలోనే లేజీలాక్ ఉంది.

#11 · కోర్‌డంప్
హ్యాష్‌మ్యాప్ గురించి కూడా. ఎంట్రీకి కీ ఇవ్వడానికి ప్రతిసారీ టు_స్ట్రింగ్ అంటే, ఆ ఐపీ ఇప్పటికే మ్యాప్‌లో ఉన్నా కొత్త అలొకేషన్ అవుతుంది. ముందు గెట్_మ్యూట్ చూసి, ఉంటే పెంచి, లేకపోతేనే ఇన్సర్ట్ చేయండి. కీలు మళ్లీ మళ్లీ వచ్చే లాగ్‌లో ఇది బాగా తేడా చూపిస్తుంది.

డిఫాల్ట్ హ్యాషర్ సిప్‌హ్యాష్, వేగం తక్కువ. వేగమైనవి క్రేట్లలో దొరుకుతాయి. కానీ డిఫాల్ట్ అలా ఉండటానికి కారణం ఉంది: కావాలని ఢీకొనే కీలు పంపి మ్యాప్‌ని కుదేలు చేసే దాడిని అది ఆపుతుంది. బయటి వాళ్లు పంపే పాత్‌లు కీలైతే దాన్ని మార్చకండి.

ఏది మార్చినా కొలవకుండా మార్చొద్దు. రిలీజ్ ప్రొఫైల్‌లో డీబగ్ = ట్రూ పెట్టి ఫ్లేమ్‌గ్రాఫ్ (సమయం ఏ ఫంక్షన్లో పోతోందో చూపే బొమ్మ) తీయండి. అది లేకపోతే ఫంక్షన్ పేర్లు సరిగా కనబడవు.

#12 · బైట్_బాబాయ్
థ్రెడ్ల దగ్గరికి వచ్చేసరికి రెండు ముందుగా తెలిసి ఉంటే మంచిది. ఆర్‌సీని థ్రెడ్‌లోకి పంపితే ఈ0277 వస్తుంది, సెండ్ (వేరే థ్రెడ్‌కి పంపదగినది) కాదంటుంది. దాని కౌంటర్ అటామిక్ కాదు కాబట్టి. ఆర్క్ వాడాలి. ఫైల్‌ని ముక్కలుగా విడగొట్టి నాలుగు థ్రెడ్లకి ఇవ్వడానికి అయితే ఆర్క్ కూడా అక్కర్లేదు, 1.63 నుంచి ఉన్న థ్రెడ్ స్కోప్‌లో మామూలు రిఫరెన్స్‌లే ఇవ్వొచ్చు. ఒక్కో థ్రెడ్ తన సొంత మ్యాప్‌లో లెక్కపెట్టాలి, చివర్లో కలపాలి. ఒకే మ్యాప్‌కి మ్యూటెక్స్ (ఒకసారికి ఒక్కరినే రానిచ్చే తాళం) పెట్టి నలుగురూ క్యూ కడితే ఒక్క థ్రెడ్ కంటే మెల్లగా నడిచినా ఆశ్చర్యం లేదు.

మ్యూటెక్స్ గార్డ్ ఎక్కడ డ్రాప్ అవుతుందో చూసుకోండి. మ్యాచ్ తలలో లాక్ తీసుకుంటే మ్యాచ్ మొత్తం అయ్యేదాకా అది పట్టే ఉంటుంది. ఇఫ్ లెట్ కూడా ఎల్స్ భాగం అయ్యేదాకా పట్టుకునేది, 2024 ఎడిషన్‌లో మార్చారు. లోపల మళ్లీ అదే లాక్ అడిగితే డెడ్‌లాక్, కంపైలర్ ఆపదు. విలువని ముందు లైన్లో లెట్‌తో బయటికి తీసుకుంటే గొడవ ఉండదు.

అసింక్, అన్‌సేఫ్ (కంపైలర్ పూర్తిగా తనిఖీ చేయలేని కోడ్) రెండూ ఇప్పుడే వద్దు. అన్‌సేఫ్ రాసే రోజు వస్తే ప్రతి బ్లాక్ పైన "సేఫ్టీ:" అని, ఏ షరతు వల్ల ఇది సరైనదో కామెంట్ రాయండి. రాయలేకపోయారంటే ఆ కోడ్ సరైనదని మీకే తెలియదన్నమాట. తర్వాత నైట్లీ (రోజూ వచ్చే ప్రయోగాత్మక వెర్షన్)లో `కార్గో మిరి టెస్ట్` నడపండి. మామూలు టెస్టులు పాసయ్యే అన్‌డిఫైన్డ్ బిహేవియర్‌ని చాలావరకు అది పట్టుకుంటుంది.

#13 · కొత్తమెట్టు
లెక్క సరిగ్గా వస్తోంది, గెట్_మ్యూట్ పద్ధతికి కూడా మార్చాను. ఒక్కటి మిగిలింది. &మ్యూట్ సెల్ఫ్ తీసుకునే మెథడ్‌లో, పోగైన లైన్ల వెక్‌ని రిటర్న్ చేసి లోపల ఖాళీ చేయాలి. సెల్ఫ్.లైన్స్ అని రిటర్న్ చేస్తే ఈ0507. క్లోన్ చేసి తర్వాత క్లియర్ చేస్తే పనవుతోంది, కానీ మొత్తం కాపీ అవుతోంది కదా?

#14 · పాయింటర్_పంతులు
అవును, ఊరికే కాపీ. అరువు తెచ్చుకున్న ఇంట్లోంచి సామాను తీసుకుపోకూడదు, ఆ చోట ఇంకేదైనా పెట్టి తీసుకోవచ్చు. ఎస్‌టీడీ::మెమ్::టేక్‌కి &మ్యూట్ సెల్ఫ్.లైన్స్ ఇవ్వండి. పాత వెక్ మీకు వస్తుంది, దాని చోట ఖాళీ వెక్ కూర్చుంటుంది. కదిలేది 24 బైట్లే, ఖాళీ వెక్ హీప్‌ని ముట్టదు. డిఫాల్ట్ ఉన్న ఏ టైపుకైనా ఇది పనిచేస్తుంది, లేని వాటికి మెమ్::రీప్లేస్, ఆప్షన్ అయితే నేరుగా దాని టేక్ మెథడే ఉంది. కాకపోతే పాత కెపాసిటీ కూడా మీతోనే వచ్చేస్తుంది. వెంటనే అంతే డేటా మళ్లీ నింపేదుంటే టేక్ బదులు రీప్లేస్‌కి విత్_కెపాసిటీతో చేసిన వెక్ ఇవ్వండి.